బాయిలర్ ఐడీ ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ పెట్టడం ఎలా?

మిర్యాలగూడ చుట్టుపక్కల ఏ బాయిల్డ్ రైస్ మిల్లుకైనా వెళ్లి, పొగగొట్టం కింద, బాయిలర్ పొగను లాగి బయటికి పంపే ఐడీ (ఇండ్యూస్డ్ డ్రాఫ్ట్) ఫ్యాన్ దగ్గర కాసేపు నిలబడండి. చాలాచోట్ల డ్యాంపర్ (డక్టులో దారి మూసే రేకు) హ్యాండిల్‌ను సగానికి వంచి, కదలకుండా బైండింగ్ వైరుతో కట్టేసి ఉంటారు. పక్కన 60 హెచ్‌పీ మోటారు మాత్రం పూర్తి స్పీడులో తిరుగుతూనే ఉంటుంది. బోరు మోటారు వేసి, గేట్ వాల్వు సగం మూసి మడికి నీళ్లు పెట్టినట్టే ఇది. మోటారు పడే కష్టంలో కొంత ఆ మూసిన రేకు దగ్గరే ఆవిరైపోతుంది.

వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, క్లుప్తంగా డ్రైవ్) చేసేది ఒక్కటే, 50 హెర్ట్జ్ కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు స్పీడును అవసరానికి తగ్గించడం. కరెంటు పొదుపు చేసే మంత్రపెట్టె అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. ఎక్కడ డ్యాంపరో వాల్వో మూసి నడుపుతున్నారో అక్కడే పొదుపు ఉంటుంది, లేనిచోట ఉండదు. బాయిలర్ ఐడీ ఫ్యాన్‌ను ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా పని ఎలా చేసుకోవాలో చెబుతాను. బ్లోయర్లకు, పంపులకు కూడా దాదాపు ఇదే వరస.

ముందు, ఏ మోటారుకు పెట్టాలి?

ఫ్యాన్లు, సెంట్రిఫ్యూగల్ పంపుల లెక్క వేరుగా ఉంటుంది. స్పీడు ఎంత తగ్గితే గాలి అంతే తగ్గుతుంది. కానీ ప్రెజరు స్పీడు వర్గం ప్రకారం, పవరు ఘనం ప్రకారం పడిపోతాయి. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే స్పీడు 80 శాతం, గాలి 80 శాతం, పవరు మాత్రం 51 శాతమే. ఈ ఘనం లెక్క వల్లే ఫ్యాన్ల మీద డ్రైవ్ డబ్బులు తొందరగా తిరిగొస్తాయి.

ఎలివేటర్లు, హల్లర్లు, కన్వేయర్ల దగ్గర ఈ లెక్క నడవదు. అక్కడ స్పీడు తగ్గిస్తే పని కూడా తగ్గుతుంది. రోజంతా ఫుల్ లోడులో, ఒకే స్పీడులో నడిచే మోటారుకు డ్రైవ్ పెడితే డ్రైవ్ తానే తినే రెండు మూడు శాతం కరెంటు అదనంగా పోతుంది. మెత్తగా స్టార్ట్ కావడమే కావాలంటే సాఫ్ట్ స్టార్టర్ చాలు, ఖర్చు కూడా తక్కువ.

పంపుల్లో ఒక చిక్కు ఉంది. నీటిని 30 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలి, వాల్వు మూసినప్పుడు పంపు 50 మీటర్ల హెడ్ (నీటిని అంత ఎత్తుకు తోసే ఒత్తిడి) ఇస్తుంది అనుకోండి. దాదాపు 39 హెర్ట్జ్ కిందికి వస్తే పంపు తిరుగుతుంది గానీ ట్యాంకులో చుక్క పడదు. ఎత్తు ఎక్కువ, పైపు రాపిడి తక్కువ ఉన్నచోట పొదుపు కాగితం మీదే మిగిలిపోతుంది. ఐడీ ఫ్యాన్‌కు ఆ బాధ లేదు, దాని ప్రెజరంతా రాపిడికే పోతుంది.

కొలవకుండా కొటేషన్ అడగొద్దు

క్లాంప్ మీటరు పెట్టి ఆంప్స్ చూసి లెక్క కట్టేస్తుంటారు. అది సరిపోదు. మోటారు ఖాళీగా తిరిగినా అయస్కాంతం నిలబెట్టుకోవడానికే ఫుల్ లోడ్ ఆంప్స్‌లో మూడో వంతు దాకా లాగుతుంది, అందులో పని చేసే కరెంటు కొద్దిగానే ఉంటుంది. మీకు కావలసింది కిలోవాట్లు. ఆ మోటారుకు వెళ్లే లైనుకు విడిగా ఒక ఎనర్జీ మీటరు పెట్టించండి. వారం రోజులు రీడింగ్ రాయండి, పక్కన ఆ రోజు ఎన్ని టన్నుల వడ్లు ఉడికాయో కూడా రాయండి. తర్వాత పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

రెండో కొలత డ్రాఫ్ట్, అంటే ఫ్యాన్ పొగను లాగే బలం. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మేస్త్రీలు లెవెల్ చూసుకునే ట్రాన్స్‌పరెంట్ పైపు రెండు మీటర్లు తీసుకుని, యూ ఆకారంలో చెక్కకు బిగించి, సగం వరకు రంగు నీళ్లు పోయండి. ఒక కొన గాలికి వదిలేసి, రెండోది డక్టుకు వేసిన చిన్న రంధ్రంలో పెట్టండి. రెండు వైపులా నీటిమట్టం తేడా ఎన్ని మిల్లీమీటర్లో అదే డ్రాఫ్ట్. డ్యాంపరుకు ఫ్యాన్ వైపు ఒకసారి, బాయిలర్ వైపు ఒకసారి చూడండి.

ఫ్యాన్ వైపు 120 మిల్లీమీటర్లు, బాయిలర్ వైపు 75 వచ్చింది అనుకుందాం. అంటే 45 మిల్లీమీటర్ల లాగుడు డ్యాంపర్ రేకే మింగేస్తోంది. 75ను 120తో భాగించి వర్గమూలం తీస్తే 0.79, అంటే దాదాపు 39.5 హెర్ట్జ్. ఇది కింది అంచనా మాత్రమే. డ్యాంపర్ తెరిచాక ఫ్యాన్ కర్వు (గాలికీ ప్రెజరుకూ ఉన్న సంబంధం చూపే గీత) మీద పని చేసే చోటు మారుతుంది కాబట్టి నిజంగా రెండు మూడు హెర్ట్జ్ ఎక్కువే పడుతుంది. 42 అనుకుని లెక్క వేసుకోండి.

ఇప్పుడు డబ్బుల సంగతి. డ్యాంపర్ ఇప్పుడున్న చోట మీటరు 33 కిలోవాట్లు చూపిస్తోంది. ఫైర్‌మన్‌ను పక్కన పెట్టుకుని, మోటారు ప్లేటు మీది ఆంప్స్ దాటకుండా చూసుకుంటూ, డ్యాంపరును ఒకటి రెండు నిమిషాలు పూర్తిగా తెరిస్తే 38 కిలోవాట్లకు వెళ్లింది అనుకోండి. 42 హెర్ట్జ్ అంటే 84 శాతం స్పీడు, దాని ఘనం 0.59. 38లో అది 22.5. డ్రైవ్ నష్టాలు, తక్కువ లోడులో మోటారు ఎఫిషియెన్సీ కాస్త తగ్గడం కలిపితే 24 కిలోవాట్లు. గంటకు 9 యూనిట్లు మిగులుతాయి. రోజుకు 20 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు నడిస్తే 45,000 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకుంటే 3 లక్షల 60 వేలు. ఇవి ఉదాహరణ అంకెలు. మీ రీడింగులు, మీ టారిఫ్ పెట్టి వేసుకుని, వచ్చిన కొటేషన్‌ను దాంతో భాగించండి. రెండేళ్ల లోపు తేలితే ముందుకు వెళ్లండి. నాలుగేళ్లు దాటితే నేనైతే ఆగుతాను, ఎందుకంటే సీజన్ బాగోలేక మిల్లు నడిచే రోజులు తగ్గితే ఆ నాలుగు ఆరవుతుంది.

మోటారు ఒంట్లో సత్తువ ఉందా?

డ్రైవ్ నుంచి వచ్చేది మెయిన్స్ లాంటి నున్నటి కరెంటు కాదు. 415 వోల్టులను డీసీగా మార్చి, ఆ 590 వోల్టుల దాకా ఉన్న డీసీని సెకనుకు వేలసార్లు తుంచి మోటారుకు పంపుతుంది. కేబులు పొడవు పెరిగే కొద్దీ ఈ తుంపులు మోటారు టెర్మినల్ దగ్గర ఎగసిపడి, దాదాపు రెట్టింపు దాకా, అంటే 1,200 వోల్టుల చేరువకు వెళ్తాయి. కొత్త వైండింగ్ తట్టుకుంటుంది. మూడుసార్లు రివైండింగ్ అయిన మోటారు చాలాసార్లు తట్టుకోలేదు.

కాబట్టి ముందు మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వేయండి. 500 వోల్టుల మీద వందల మెగోమ్‌లు రావాలి. అయిదు లోపు వస్తే ఆ మోటారును డ్రైవ్‌కు కట్టే ఆలోచనే మానుకోండి. రివైండింగుకు ఎలాగూ ఇస్తున్నారంటే, షాపులో డ్యూయల్ కోట్ వైరు వాడమని, వార్నిష్ బాగా పట్టించి ఓవెన్లో ఆరబెట్టమని ముందే చెప్పండి. తర్వాత గొడవ పడి లాభం లేదు.

మోటారు మరీ పాతదైతే కొత్తదే తీసుకోండి. ఐఎస్ 12615 ప్రమాణం ప్రకారం ఐఈ2, ఐఈ3, ఐఈ4 అని తరగతులున్నాయి, ఇప్పుడు కొనేటప్పుడు కనీసం ఐఈ3 అడగండి. ఇందులో చాలామందికి తట్టని ఒక విషయం ఉంది. ఎఫిషియెన్సీ ఎక్కువున్న మోటారుకు స్లిప్ తక్కువ, అంటే అది కొంచెం ఎక్కువ స్పీడుగా తిరుగుతుంది. పాతది 1,440, కొత్తది 1,480 తిరిగితే తేడా మూడు శాతం లోపే, కానీ ఘనం లెక్కలో ఫ్యాన్ ఎనిమిది శాతానికి పైగా ఎక్కువ పవరు లాగుతుంది. "కొత్త మోటారు పెట్టినా బిల్లు పెరిగిందేంటి" అనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే. డ్రైవ్ ఉంటే ఆ మూడు శాతం అక్కడే దించేసుకోవచ్చు.

మోటారు పెద్దదైతే, సుమారు 100 కిలోవాట్లు దాటితే, వెనక వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ అడగండి. డ్రైవ్ వల్ల షాఫ్టులో పుట్టే వోల్టేజి బేరింగ్ గుండా భూమికి దూకుతూ, రేసు (బేరింగులో గుండ్లు తిరిగే గాడి) మీద గీతలు గీతలుగా తినేస్తుంది. విప్పి చూస్తే రేసు అచ్చం బట్టలుతికే బోర్డులా కనిపిస్తుంది. 45 కిలోవాట్ల మోటారుకు మామూలుగా మంచి ఎర్తింగ్, మంచి కేబులు సరిపోతాయి.

డ్రైవ్ ఎంపిక

హెచ్‌పీ చూసి కొనకండి, ఆంప్స్ చూసి కొనండి. మోటారు ప్లేటు మీద 78 ఆంప్స్ ఉంటే డ్రైవ్ నిరంతరం అంత ఇవ్వగలగాలి, అది కూడా మీ మిల్లు వేడిలో. చాలా డ్రైవ్‌ల రేటింగ్ 40 డిగ్రీల దగ్గర ఇస్తారు, ఆపైన ప్రతి డిగ్రీకీ సుమారు ఒక శాతం చొప్పున తగ్గించుకోమంటారు. మే నెలలో నల్లగొండ ఎండకు ప్యానెల్ లోపల 50 డిగ్రీలు ఏమంత గొప్ప సంగతి కాదు. అప్పుడు 78 ఆంప్స్ కావాలంటే 87 ఆంప్స్ రేటింగ్ ఉన్నది తీసుకోవాలి.

కేటలాగులో ఒకే డ్రైవ్‌కు నార్మల్ డ్యూటీ, హెవీ డ్యూటీ అని రెండు రేటింగులుంటాయి. ఫ్యాన్లకు, సెంట్రిఫ్యూగల్ పంపులకు నార్మల్ చాలు. ఊక స్క్రూ ఫీడర్ లాంటి, ఇరుక్కుపోయే బాపతు యంత్రాలకు హెవీ తీసుకోండి.

లైన్ చోక్ (డ్రైవ్ లాగే కరెంటును నున్నగా చేసే కాయిల్) లేదా లోపలే డీసీ చోక్ ఉన్నది తప్పనిసరి. అది లేని డ్రైవ్ చవగ్గా వస్తుంది, కానీ లైనులోకి 250, 350 హెర్ట్జ్ హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌తో కలిసి వచ్చే అనవసర కరెంట్లు) గట్టిగా వదులుతుంది. పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేసే మీ ఏపీఎఫ్‌సీ ప్యానెల్లో కెపాసిటర్లు మామూలువైతే అవి వేడెక్కి ఉబ్బిపోతాయి. మిల్లులో డ్రైవ్‌లు ఒకటి నుంచి నాలుగైదు అయ్యేసరికి కెపాసిటర్లకు 7 శాతం డీట్యూన్డ్ రియాక్టర్లు (హార్మోనిక్స్ నుంచి కాపాడే కాయిళ్లు) వేయించుకోవడం మంచిది. మన రెండు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ (హైటెన్షన్) బిల్లు కేవీఏహెచ్ మీద, అంటే పవర్ ఫ్యాక్టర్ కూడా కలిసే యూనిట్ల మీద కడుతున్నాం కాబట్టి ఈ ప్యానెల్ ఆరోగ్యం నేరుగా జేబుకు సంబంధించినది.

ప్యానెల్, కేబులు, ఎర్తు

డ్రైవ్‌ను బాయిలర్ పక్కన పెట్టకండి. ఊక దుమ్ము, బూడిద, వేడి, మూడూ దానికి శత్రువులే. ఎంసీసీ (మోటార్ కంట్రోల్ ప్యానెళ్ల) గదిలో గాలి ఆడే గోడకు పెట్టండి. 45 కిలోవాట్ల డ్రైవ్ ఒక కిలోవాటు పైచిలుకు వేడిని వదులుతుంది, అంటే ప్యానెల్లో చిన్న రూమ్ హీటర్ పెట్టి తలుపు మూసినట్టే. కింద ఫిల్టరుతో గాలి లోపలికి, పైన ఫ్యానుతో బయటికి పోవాలి. ఫిల్టరు విప్పి దులపడానికి వీలుగా ఉండాలి, లేకపోతే ఎవరూ దులపరు.

అయితే డ్రైవ్ దూరంగా పెడితే మోటారు కేబులు పొడవవుతుంది, ఇందాక చెప్పిన 1,200 వోల్టుల బెడద మొదలవుతుంది. 50 మీటర్ల లోపు ఉంచితే బెడద తక్కువ. దాటితే డ్రైవ్ అవుట్‌పుట్‌లో చోక్ గానీ డీవీ బై డీటీ ఫిల్టర్ (వోల్టేజి ఒక్కసారిగా ఎగసిపడకుండా ఆపేది) గానీ వేయండి. ఒకచోట మేం ఈ ఖర్చు మిగులుద్దామని 110 మీటర్ల కేబులు నేరుగా లాగాం. రెండుసార్లు రివైండింగ్ అయిన మోటారు. అయిదో వారం తెల్లవారుజామున కాలింది. విప్పి చూస్తే వైండింగ్ అంతా తేనెరంగులో శుభ్రంగా ఉంది, టెర్మినల్ పక్కన మొదటి చుట్టుల్లో మాత్రం అగ్గిపుల్ల తలంత నల్లమచ్చ. ఓవర్‌లోడుకు కాలిన మోటారు అలా ఉండదు, మొత్తం మాడుతుంది.

కేబులు ఆర్మర్డ్ గానీ షీల్డెడ్ గానీ వాడండి, రెండు చివర్లా గ్లాండు దగ్గర ఎర్తు చేయండి. మోటారు బాడీ నుంచి డ్రైవ్ ఎర్తు టెర్మినల్ దాకా విడిగా ఒక ఎర్తు వైరు నేరుగా రావాలి, ఎక్కడో స్తంభానికి కట్టి వదిలేయడం కాదు. కంట్రోల్ వైర్లను ఈ కేబులుతో కలిపి ఒకే ట్రేలో పడేయకండి. అడుగు దూరం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. లేదంటే ఎవరూ ముట్టుకోకుండానే స్పీడు 41, 43, 40 అంటూ ఊగుతుంది.

పాతవి తీసేయడం, ఇంటర్‌లాక్ మార్చడం

స్టార్ డెల్టా స్టార్టర్ ఇక అక్కర్లేదు. మోటారు టెర్మినల్ బాక్సులో లింకులు డెల్టాకు వేసి, మూడు వైర్లే తెండి. మోటారు దగ్గర కెపాసిటర్ ఉంటే పీకేయండి. డ్రైవ్ అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే మొదటి సెకనులోనే ఓవర్‌కరెంట్ ట్రిప్ వస్తుంది, అదృష్టం బాగోకపోతే డ్రైవే పోతుంది. డ్రైవ్‌కు, మోటారుకు మధ్య ఉన్న కాంటాక్టరును నడుస్తుండగా తెరిచి మూయకూడదు.

పాత స్టార్టర్‌ను బైపాస్‌గా ఉంచుకుందామంటే ఉంచుకోవచ్చు, సీజన్లో డ్రైవ్ పాడైతే ఆదుకుంటుంది. కానీ రెండు కాంటాక్టర్ల మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ (రెండూ ఒకేసారి పట్టకుండా ఆపే ఏర్పాటు) కూడా ఉండాలి. మెయిన్స్ వెనక నుంచి డ్రైవ్ అవుట్‌పుట్‌కు తగిలిందా, అంతే సంగతులు. బైపాస్ ఉంచితే డ్యాంపరును కోసి పారేయకండి, ఫుల్ స్పీడులో నడిపేటప్పుడు మళ్లీ అదే కావాలి.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఆగి చదవండి. ఐడీ ఫ్యాన్ ఆగిపోతే ఎఫ్‌డీ ఫ్యాన్ (మంటకు గాలి తోసేది), ఊక ఫీడర్ వెంటనే ఆగాలి. లేకపోతే మంట ఫర్నేస్ తలుపులోంచి ఫైర్‌మన్ మొహం మీదికి వస్తుంది. పాత పద్ధతిలో ఐడీ ఫ్యాన్ కాంటాక్టరు ఆక్సిలరీ (దానితో పాటే కదిలే చిన్న స్విచ్) నుంచి ఈ ఇంటర్‌లాక్ తీసేవాళ్లు. డ్రైవ్ పెట్టాక ఆ కాంటాక్టరు డ్రైవ్ ముందు ఉంటుంది. డ్రైవ్ ట్రిప్ అయి ఫ్యాన్ ఆగినా కాంటాక్టరు మాత్రం పట్టుకునే ఉంటుంది, మీ ఇంటర్‌లాక్‌కు సంగతే తెలియదు. కాబట్టి ఆ వైరును అక్కడి నుంచి తీసి డ్రైవ్ "రన్" రిలేకు మార్చండి. వీలైతే ఫర్నేస్ డ్రాఫ్ట్ స్విచ్ కూడా సిరీస్‌లో వేయండి, బెల్టు తెగితే డ్రైవ్‌కు కూడా తెలియదు. మార్చాక, ఊక వేయకముందే, ఎఫ్‌డీ నడుస్తుండగా డ్రైవ్‌ను కావాలని ఆపి, ఎఫ్‌డీ, ఫీడర్ ఆగుతున్నాయో లేదో కళ్లారా చూడండి.

పారామీటర్లు

మాన్యువల్లో వందల పారామీటర్లుంటాయి. మీకు కావలసినవి డజను. ముందు ప్లేటు మీది వోల్టేజి, ఆంప్స్, ఫ్రీక్వెన్సీ, ఆర్‌పీఎం, కిలోవాట్లు ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. డ్రైవ్‌లో ఆటో ట్యూనింగ్ (మోటారు లక్షణాలను తానే కొలుచుకోవడం) ఉంటే బెల్టులు తీసి ఒకసారి చేయించండి.

మొదటి పరీక్షలు అయ్యాక కనిష్ఠం 20 లేదా 25 హెర్ట్జ్, గరిష్ఠం 50 పెట్టండి. స్పీడు పెంచుకోవచ్చు కదా అని 55 పెట్టకండి, పవరు 33 శాతం పెరుగుతుంది, ఇంపెల్లర్ కూడా అంత స్పీడుకు చేసింది కాదు. వోల్ట్ బై హెర్ట్జ్ కర్వు (ఏ స్పీడుకు ఎంత వోల్టేజి ఇవ్వాలో చెప్పేది) ఫ్యాన్, పంపు రకానికి పెట్టండి.

యాక్సిలరేషన్ టైమ్ 60 సెకన్లు ఇవ్వండి. ఆపేటప్పుడు కోస్ట్ (ఫ్యాన్ దానంతట అదే నెమ్మదించి ఆగడం) పెట్టండి, లేదా 120 సెకన్లు ఇవ్వండి. పెద్ద ఫ్యాన్‌ను తొందరగా ఆపాలని చూస్తే అది జనరేటర్‌లా మారి డ్రైవ్ లోపలి డీసీ వోల్టేజిని పైకి తోసేస్తుంది, ఓవర్‌వోల్టేజ్ ట్రిప్ వస్తుంది. ఫ్లయింగ్ స్టార్ట్ ఆన్ చేయండి. పొగగొట్టం లాగుడుకు ఫ్యాన్ తనంతట తాను తిరుగుతూ ఉంటుంది, తిరిగే ఫ్యాన్‌ను డ్రైవ్ మెల్లగా అందుకోవాలి.

కరెంటు పోయి వస్తే దానంతట అదే స్టార్టయ్యే ఆటో రీస్టార్ట్ జోలికి మాత్రం నేను వెళ్లను. బెల్టు బిగిస్తున్నవాడి వేళ్లు అక్కడుంటాయి.

క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ డీసీని తుంచే వేగం) 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ చాలు. కీచుమంటోందని పెంచుకుంటూ పోతే డ్రైవ్ వేడెక్కుతుంది, ఎర్తు లీకేజీ పెరుగుతుంది.

మొదటిసారి నడపడం

డ్రైవ్‌లో చెయ్యి పెట్టే ముందు ఐసోలేటర్ ఆపి, తాళం వేసి, మాన్యువల్లో చెప్పినంత సేపు ఆగండి. చిన్నవాటికి అయిదు నిమిషాలు, పెద్దవాటికి పదిహేను దాకా ఉంటుంది. డిస్‌ప్లే ఆరిపోయింది కదా అని ముట్టుకోకండి, కెపాసిటర్లలో ఇంకా వందల వోల్టులుంటాయి. డీసీ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి 50 వోల్టుల కిందికి వచ్చిందని చూశాకే పని మొదలెట్టండి. డ్రైవ్ కలిపి ఉండగా కేబులుకు మెగ్గర్ వేయొద్దు.

బెల్టులు లేకుండా 10 హెర్ట్జ్‌లో తిప్పి దిశ చూడండి. ఉల్టా తిరిగితే మోటారు వైపు రెండు ఫేజులు మార్చండి, డ్రైవ్ ఇన్‌పుట్‌లో మారిస్తే ఏమీ మారదు. తర్వాత బెల్టులు వేసి 15 నుంచి 30 దాకా, మంట అందుకున్నాక 50 దాకా మెల్లగా పెంచుతూ ఫ్యాన్ ఫౌండేషన్ మీద చెయ్యి పెట్టి ఉండండి. ఏదో ఒక స్పీడు దగ్గర ఒళ్లంతా వణికినట్టు కొట్టుకోవచ్చు. ఆ అంకెకు అటూ ఇటూ ఒక హెర్ట్జ్‌ను స్కిప్ ఫ్రీక్వెన్సీగా (డ్రైవ్ అక్కడ నిలవకుండా దాటేసేలా) పెట్టేయండి.

చల్లటి బాయిలర్ మీద ఫ్యాన్ ఎక్కువ లోడు లాగుతుంది, కంగారు పడకండి. 150 డిగ్రీల పొగ కంటే 35 డిగ్రీల గాలి బరువు ఎక్కువ, అదే స్పీడులో మూడో వంతు పైగా అదనపు భారం పడుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు 30 హెర్ట్జ్ దాటించకుండా మంట అందుకున్నాక పెంచుకోవడం పద్ధతి.

డ్రైవ్ అవుట్‌పుట్‌లో మామూలు మల్టీమీటరు పెట్టి వోల్టేజి చూస్తే అర్థం లేని అంకెలు వస్తాయి. అవుట్‌పుట్ కోసం డ్రైవ్ డిస్‌ప్లేనే నమ్మండి, కిలోవాట్లు ఇన్‌పుట్ వైపు మీటరులో చూడండి.

డ్యాంపర్ తెరవండి

ఇంత చేసి ఇక్కడ జారిపోయేవాళ్లు చాలామంది. ఒక మిల్లులో మేం డ్రైవ్ పెట్టి, నడిపి చూపించి వచ్చాం. నెల తర్వాత ఓనరు ఫోను, మీటరు రీడింగ్ మారలేదని. వెళ్లి చూస్తే డ్రైవ్ 48 హెర్ట్జ్‌లో నడుస్తోంది. పైకెక్కి చూశాను. డ్యాంపర్ హ్యాండిల్ ఎప్పటి చోటే ఉంది, అదే తుప్పు పట్టిన బైండింగ్ వైరు.

"అది ఎప్పుడూ ఆడనే ఉంటది సార్. మీరొచ్చిన దినం తెరిచిన్రు, మీరు పోయినంక మళ్ల కట్టిన" అన్నాడు ఫైర్‌మన్.

తప్పు ఆయనది కాదు. డ్యాంపర్ తెరిస్తే మంట లాగేసుకుని బూడిద ఎగిరింది, ఇన్నేళ్ల అలవాటు ప్రకారం మూశాడు. స్పీడు తగ్గించే నాబ్ ప్యానెల్ గదిలో ఉంది, ఆయనేమో బాయిలర్ ముందు ఉంటాడు. మూశాక లాగుడు చాలకపోతే హెల్పర్ వెళ్లి నాబ్ పెంచాడు. అలా ఇద్దరూ కలిసి 48కి తెచ్చారు.

అందుకని నాబ్, హెర్ట్జ్ చూపించే చిన్న డిస్‌ప్లే, డ్రాఫ్ట్ గేజీ, ఈ మూడింటినీ ఫైర్‌మన్ నిలబడే చోట, ఒకదాని పక్కన ఒకటి పెట్టండి. డ్యాంపరును పూర్తిగా తెరిచి, బోల్టు వేసి బిగించండి. 25 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి, ఫర్నేస్ డ్రాఫ్ట్ మీ బాయిలర్‌కు కావలసిన చోటికి, సాధారణంగా నీటి మట్టంలో మైనస్ 3 నుంచి 5 మిల్లీమీటర్లకు వచ్చేదాకా ఆయన చేతే పెంచనివ్వండి. స్టీమ్ ఎక్కువ లాగే వేళ ఒక అంకె, సోకింగ్ (వడ్లు నానబెట్టడం) అయి లోడు తగ్గిన వేళ ఒక అంకె వస్తాయి. వాటిని అక్కడే సుద్దముక్కతో రాయనివ్వండి.

వారం రోజులు ఇలా చేత్తో నడిపాకే ఆటోమేటిక్ గురించి ఆలోచించండి. డ్రాఫ్ట్ ట్రాన్స్‌మిటర్ నుంచి 4–20 మిల్లీఆంపియర్ సిగ్నల్ తెచ్చి డ్రైవ్‌లోని పీఐడీకి (స్పీడును తానే సరిచేసే కంట్రోలరుకు) ఇస్తే అదే చూసుకుంటుంది. కానీ ఊక బాయిలర్లో ట్రాన్స్‌మిటర్ ట్యూబు బూడిదతో మూసుకుపోతుంది, దాన్ని వారానికోసారి ఊదే మనిషి లేకపోతే పీఐడీ కంటే ఫైర్‌మనే నయం.

మళ్లీ వారం రీడింగ్ తీసి, యూనిట్లను టన్నులతో భాగించి పాత వారంతో పోల్చండి. మొత్తం బిల్లుతో పోల్చకండి, అందులో పాలిషర్లూ ఎలివేటర్లూ అన్నీ కలిసి ఉంటాయి.

తర్వాత చూసుకోవాల్సినవి

నెలకోసారి ఫిల్టరు దులపాలి. సీజన్ ముందు హీట్ సింకును బ్లోయరుతో ఊదాలి. లోపలి చిన్న కూలింగ్ ఫ్యాన్ మూడు నుంచి అయిదేళ్లలో అరుగుతుంది, ఒకటి స్టోర్లో ఉంచుకోండి, రెండు వేల రూపాయల ఫ్యాన్ ఆగినందుకు లక్షల డ్రైవ్ ఆగుతుంది. స్పేర్ డ్రైవ్ కొని ఏడాదికి పైగా పెట్టెలో ఉంచితే నేరుగా ఫుల్ వోల్టేజి ఇవ్వకండి, మాన్యువల్లో చెప్పినట్టు కెపాసిటర్లను మెల్లగా చార్జ్ చేసి రీఫార్మింగ్ చేయాలి.

అన్నీ కుదిరాక పారామీటర్లను కీప్యాడ్‌లోకి కాపీ చేయండి. మార్చినవన్నీ ఒక కాగితం మీద తేదీతో సహా రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. అర్ధరాత్రి డ్రైవ్ మార్చాల్సి వచ్చినప్పుడు వచ్చే ఎలక్ట్రీషియన్ మీరు కాకపోవచ్చు.